చీటీ వదిన తాడు

ఆమెను చెట్లు కొట్టే ముఠాలో అందరూ చీటీ వదిన అనేవారు. కొత్తగా పనిలో చేరినవాళ్లు ఆమె చిట్టీలు నడుపుతుందేమో అనుకుని, ఎక్కడ తమని కూడా చేర్చుకుంటుందోనని కొన్నాళ్లు దూరదూరంగా మసిలేవారు. అసలు సంగతి వేరు. ఆమె పెళ్లికి ముందు నుంచీ బరువులెత్తే పట్టీలు కుట్టే కార్ఖానాలో పనిచేసింది. క్రేన్లకీ, రేవుల్లో సరుకు దించేవాళ్లకీ వెళ్లే వెడల్పాటి పట్టీలు అవి. కుట్టు పూర్తయిన ప్రతి పట్టీకీ చివర చిన్న చీటీ ఒకటి కుట్టాలి. అది ఎంత బరువు మోస్తుందో ఆ చీటీ చెబుతుంది. చీటీలో రాసినది నిజమేనా కాదా తేల్చడానికి అప్పుడప్పుడూ ఒక పట్టీని పక్క గదిలోని యంత్రానికి తగిలించి, తెగేదాకా లాగేవారు. అది తెగినప్పుడు కుట్టు మిషన్ల మీద సూదుల డబ్బాలు ఎగిరిపడేవి. ఆ చప్పుడు ఒక్కసారి విన్న మనిషి జన్మలో బిగుసుకున్న తాడుకి ఎదురుగా నిలబడడు. ఆమె కూడా నిలబడలేదు. ఇంట్లో పసిపిల్లకి ఉయ్యాల కట్టబోతుంటే కూడా "ఈ తాడుకి చీటీ ఏది?" అని అడిగిందని ఆమె మరిది ఊరంతా చెప్పి నవ్వించాడు. అలా ఆ పేరు అంటుకుపోయింది.

ఆ మరిదిని అందరూ చిన్నోడు అనేవారు. మీసం నెరవడం మొదలుపెట్టినా ఆ పిలుపు మాత్రం మారలేదు. అతని అన్న, అంటే ఆమె భర్త, ముఠాకి మేస్త్రి. అన్నదమ్ములిద్దరూ రంపం పట్టారంటే చెట్టు చెప్పిన చోట పడేది. చిన్నోడు నేలమీద ఒక మేకు పాతి, ఆ మేకు మీదే చెట్టు పడేస్తానని పందెం కాసేవాడు. చాలాసార్లు గెలిచేవాడు కూడా.

మేస్త్రికి దెబ్బ తగిలింది ఒక పిండిమిల్లు వెనక పెరట్లో. చెట్టు ఎప్పుడో ఎండిపోయి ఉంది. కోత అంతా సవ్యంగానే అయింది. పడాల్సిన వైపు గంటు కోసి నోరు తెరిచారు, వెనక నుంచి కోశారు. అయినా అది కదలలేదు. ఇలాంటప్పుడు వాళ్లు ఎప్పుడూ చేసే పనే మేస్త్రి చేశాడు. వెనక కోతలో మేకచెక్క, అంటే మొన సన్నగా చెక్కిన చెక్కముక్క, దూర్చి సుత్తితో కొట్టాడు. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, పైనుంచి మనిషి తొడంత కొమ్మ విరిగి పడింది. పచ్చి కొమ్మయితే విరిగే ముందు మూలుగుతుంది, ఆకులు గలగలమంటాయి. ఎండిన కొమ్మకి ఆ మర్యాద లేదు. అది మేస్త్రి కుడి భుజం మీద పడ్డాకే అందరికీ తెలిసింది.

ఆసుపత్రి వరండాలో చిన్నోడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చొక్కా మీద రంపపు పొట్టు ఇంకా అలాగే ఉంది. వదిన అతన్ని పక్కకి పిలిచి, జరిగినది మొదటి నుంచీ చెప్పించుకుంది.

"సుత్తితో కొట్టినప్పుడల్లా చెట్టు పైదాకా అదురుతుందా?" అని అడిగింది.

"అదురుతుంది వదినా. అదరకుండా ఎలా ఉంటుంది?"

"పైనేమో ఎండిన కొమ్మలు. వాటిని మీరే అదరగొడుతున్నారు. కొట్టే మనిషి నిలబడేది సరిగ్గా వాటి కిందే."

"మరి ఎక్కడ నిలబడమంటావు? చెట్టు ఇక్కడుంటే సుత్తి పక్క వీధిలోంచి కొడతామా?"

అతను కోపంతో అన్నాడు, ఏడుపు ఆపుకోలేక అన్నాడు. కానీ ఆ మాట ఆమె మనసులో ముల్లులా దిగబడింది. పక్క వీధిలోంచి ఎందుకు కొట్టకూడదు అని ఆ రోజంతా ఆలోచిస్తూ ఉండిపోయింది.

మేస్త్రి ప్రాణానికి ముప్పు తప్పింది. కుడి చెయ్యి మాత్రం భుజం కన్నా పైకి లేవదని డాక్టరు ముందే చెప్పేశాడు. మేస్త్రి ఇంటికొచ్చి కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. వచ్చినవాళ్లతో హుషారుగా మాట్లాడేవాడు, వాళ్లు వెళ్లగానే గోడవైపు తిరిగేవాడు. ఆమె కార్ఖానాకి సెలవు పెట్టింది.

సరిగ్గా అప్పుడే పురపాలక ఇంజనీరు నుంచి కబురొచ్చింది. నీళ్ల ట్యాంకుల ఆవరణకీ బస్సుల వర్క్‌షాపుకీ మధ్య రోడ్డు పొడవునా వరసగా చెట్లున్నాయి. ఏదో తెగులు పట్టి అన్నీ నిలువునా ఎండిపోయాయి. గాలుల కాలం వచ్చేలోగా వాటిని పడగొట్టాలి. ఆ పని దెబ్బ తగలక ముందే మేస్త్రి ఒప్పుకుని ఉన్నాడు.

"నేను చేసేస్తాను అన్నయ్యా, నువ్వు నిశ్చింతగా ఉండు" అన్నాడు చిన్నోడు.

"ఎలా చేస్తావు?" అంది వదిన వంటగది గుమ్మంలోంచి.

"ఎప్పుడూ చేసేలాగే."

"అయితే చెయ్యవు."

చిన్నోడు అన్నవైపు చూశాడు. మేస్త్రి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఎండిన చెట్టు కింద సుత్తి దెబ్బ ఇక పడదు" అందామె. "దూరం నుంచి తాడుతో లాగుదాం. లాగేవాడూ బతకాలి, కోసినవాడూ బతకాలి. ఏ సామానుతో లాగాలో నేను చూస్తాను. అప్పటిదాకా రంపం బయటికి తియ్యకు."

"అంటే నాకు పని రాదనా?" చిన్నోడు ఒంటికాలి మీద లేచాడు.

"నీ అన్నకి రాకనే ఆ కుర్చీలో కూర్చున్నారా?"

 ఆమె లోపలికెళ్లి పొయ్యి కట్టేసి, చెప్పులేసుకుని బయల్దేరింది.

బరువుల సామాను అమ్మే దుకాణం లారీల అడ్డా పక్కన ఉండేది. లోపలంతా గ్రీజు వాసన. పైకప్పుకి గొలుసులు వేలాడుతుంటాయి. దుకాణం ఆయన కళ్లద్దాలు మెడలో తాడుకి కట్టుకుని, అవి ఎక్కడున్నాయో అని బల్లమీద వెతుక్కునే రకం. ఆమె తనకేం కావాలో చెప్పగానే ఆయన చేతికందిన సామానల్లా ముందు పెట్టాడు. ఆమె దేన్నీ కాదనలేదు, దేనికీ సరేననలేదు.

"పరీక్షించి చూస్తానండీ. పనికిరానివి తిరిగి ఇచ్చేస్తాను" అంది.

"ఇదేమన్నా చీరల కొట్టా అమ్మా?"

"చీర చిరిగితే పరువే పోతుంది. ఇది తెగితే మనిషి పోతాడు."

ఆయన కళ్లద్దాలు దొరకబుచ్చుకుని ఆమెను ఒకసారి తేరిపార చూసి, సరేనన్నాడు.

కలప అడితి వెనక ఖాళీ స్థలంలో పరీక్ష పెట్టింది. అక్కడ నేలలో లోతుగా దిగబడి ఉన్న పాత స్తంభం ఒకటుంది. అది చెట్టనుకుని లాగాలి. ముందుగా వైరు చుట్టుకునే చిన్న చేతి యంత్రం. పిడి ఆడిస్తే కటకటమంటూ పళ్లచక్రం తిరుగుతుంది, వైరు డ్రమ్ముకి చుట్టుకుంటుంది. చేతికి తేలిగ్గానే ఉంది. కానీ స్తంభం కాస్త వాలిందో లేదో డ్రమ్ము నిండిపోయింది. మళ్లీ లాగాలంటే వైరు వదిలి, మొదటి నుంచీ కట్టుకోవాలి.

"వదిలి మళ్లీ కడదాం, దానికేం" అన్నాడు చిన్నోడు. అతను రానంటూనే వచ్చి, ఒక దిమ్మె మీద కూర్చుని చూస్తున్నాడు.

"సగం కోసిన చెట్టు సగం వాలి ఉన్నప్పుడు వైరు వదులుతావా నువ్వు?"

చిన్నోడు లేచొచ్చి వైరు విప్పడం మొదలుపెట్టాడు.

రెండోది చైన్ బ్లాకు, గొలుసుతో బరువులెత్తేది. ఇంజన్లు పైకెత్తడానికి దాన్ని మించింది లేదు. నేలబారుగా అడ్డంగా లాగబోతే మాత్రం గొలుసు మట్టిలో పడి, మెలిపడి, ఇద్దరు మనుషులు దాని చిక్కు తియ్యడానికే కూర్చోవాల్సొచ్చింది. పైగా దాన్ని మోసుకుంటూ తిరగాలంటే ముందు పహిల్వాన్లని పనిలో పెట్టుకోవాలి.

మూడోది చిన్నోడు సొంత ఆలోచన. లారీకి నైలాన్ తాడు కట్టి లాగించడం. చాలా ముఠాలు చేసేది అదే. వదిన సరేనంది, కానీ అందర్నీ గోడ వెనక్కి పంపింది. లారీ కదిలింది, తాడు బిగిసింది. స్తంభం కదల్లేదు. తాడు మాత్రం రబ్బరులా సాగుతూ పోయింది, సాగిన కొద్దీ సన్నబడింది. లారీ చక్రాలు అక్కడే మట్టి చిమ్ముతూ తిరిగాయి. వెనక ఏం జరుగుతోందో డ్రైవరుకి కనపడదు, ఇంజను రొదలో పిలిచినా వినపడదు. చివరికి స్తంభానికి వేసిన ముడి జారింది. తాడు వెనక్కి చాచి కొట్టిన దెబ్బకి లారీ వెనక తలుపు లొట్టపడింది. డ్రైవరు దిగొచ్చి, ఆ లొట్టని చేత్తో తడిమి, తన వీపు కూడా ఒకసారి తడుముకున్నాడు.

"సాగే తాడు బలాన్ని దాచుకుంటుంది చిన్నా" అంది వదిన. "దాచుకున్నదంతా ఒక్కసారే తిరిగి ఇచ్చేస్తుంది. చెట్టు ఒక్కసారిగా మన మీదికే దూకినా దూకుతుంది."

మర్నాడు దుకాణానికెళ్లి సామాను తిరిగిచ్చేసింది. దుకాణం ఆయన విసుక్కోలేదు. లోపలి గదిలోకెళ్లి ఇంకో యంత్రం పట్టుకొచ్చాడు. ఇదీ పిడి ఆడించేదే, కానీ డ్రమ్ము లేదు. తాడు ఒక వైపు నుంచి లోపలికెళ్లి, చక్రపు గాడిలో బిగుసుకుని, రెండో వైపు నుంచి బయటికొచ్చేస్తుంది. కాబట్టి తాడు ఎంత పొడవైనా ఫరవాలేదు. ఎక్కడ ఆపితే అక్కడ పట్టుకుని ఉంటుంది.

"మోతాదు మించి లాగితే?" అని అడిగింది.

"ముందు పిడి వంగుతుందమ్మా. పిడి వంగిందంటే ఆగమని అర్థం."

"తాడు తెగే ముందే వంగుతుందా?"

"సరైన తాడు వేస్తే."

ఆ సరైన తాడు దగ్గరే పేచీ వచ్చింది. ఆయన చక్రానికి చుట్టి ఉన్న తాడు కొలిచి కోయబోయాడు. దానికి చీటీ లేదు. ఆమె వద్దంది. మంచి తాడేనమ్మా, ఎన్నో ఏళ్లుగా అమ్ముతున్నానని ఆయన ఒట్టేశాడు. ఆమె చలించలేదు. తక్కువ సాగేది, యంత్రం గాడికి సరిపోయే లావుది, ఎంత మోస్తుందో రాసి ఉన్నది వచ్చేదాకా ఆగుతానంది. ఇంకో మాట కూడా చెప్పింది. తాడుని కప్పీ మీదుగా పక్కకి మళ్లిస్తే, ఆ కప్పీ మీదా దాన్ని కట్టిన పట్టీ మీదా దాదాపు రెండింతల లాగుడు పడుతుంది. అందుకే అవి రెండూ తాడుకన్నా గట్టివి కావాలి. పట్టీలు మాత్రం ఆయన దగ్గర కొనలేదు. కార్ఖానాకెళ్లి, తన పాత మిషను మీద తనే కుట్టుకుంది. చీటీ కూడా తనే కుట్టింది. తోటి ఆడవాళ్లు చుట్టూ మూగి, ఇక మళ్లీ వస్తావా రావా అని అడిగారు. రానేమోనంది.

ఇంట్లో సామానంతా నేలమీద పరిచి చూస్తుంటే, కుర్చీలోంచి మేస్త్రి లేచొచ్చాడు. యంత్రాన్ని కాలితో అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత వంగి, ఎడం చేత్తో పిడి పట్టుకుని ఆడించాడు. కటక్‌మంది. మళ్లీ ఆడించాడు.

"దీనికి కుడి చెయ్యి అక్కర్లేదే" అన్నాడు, ఆమెతో కాదు, తనలో తను అనుకున్నట్టు.

"అక్కర్లేదు" అంది ఆమె. "మనిషికి నిదానం ఉంటే చాలు. అది మీ తమ్ముడికి లేదు. మీరు రండి."

 పని మొదలైన రోజు పొద్దున్నే అతను అందరికన్నా ముందు బండిలో ఎక్కి కూర్చున్నాడు.

రోడ్డుకి ఒక పక్క ట్యాంకుల ఆవరణ కంచె, రెండో పక్క వర్క్‌షాపు ప్రహరీ. మధ్యలో బెరడు ఊడిపోయి ఎముకల్లా తెల్లబడ్డ చెట్లు. ఇంజనీరుగారు గుడ్డ బూట్లు వేసుకున్న నడివయసు మనిషి, మాట మెత్తన. ఆవిడ రెండు వైపులా రోడ్డు మూయించింది.

"మధ్యాహ్నం షిఫ్టు బస్సులు తిరిగొచ్చేలోగా తెరవాలమ్మా. వర్క్‌షాపు వాళ్లు నా పీకల మీద కూర్చున్నారు" అంది.

"చూద్దామండీ" అంది వదిన. తెరుస్తానని మాట ఇవ్వలేదు.

పనిని ఆమె ఇలా సాగించింది. పొడుగాటి కర్రకి బిగించిన పెద్ద పంగలకర్రతో, ఇనప గుళ్లు నింపిన చిన్న సంచికి సన్న దారం కట్టి, చెట్టు పంగ మీదుగా అవతలికి విసరాలి. ఆ దారంతో అసలు తాడు పైకి చేరుతుంది. తాడు కొసన జారుముడి వేసి లాగితే, ముడి దానంతటదే పైకెళ్లి మానుని బిగించుకుంటుంది. ఎవరూ ఎక్కక్కర్లేదు. చెట్టు పడే వైపు దూరంగా, వర్క్‌షాపు పక్క సందు మూల మీద బతికి ఉన్న చెట్టు మొదట్లో పట్టీ చుట్టి, కప్పీ తగిలించింది. తాడు ఆ కప్పీ మీదుగా సందులోకి మళ్లుతుంది. యంత్రం, మేస్త్రి ఆ సందు లోపల ఉంటారు. కాబట్టి చెట్టు పూర్తిగా పడినా అతన్ని తాకదు. చిన్నోడు నోరు కోసి, వెనక కోత కోసి, రెండు కోతల మధ్యలో కోయకుండా ఉంచే చెక్కని, అంటే కీలుని, మామూలుకన్నా మందంగా వదిలేసి వచ్చెయ్యాలి. ఎండిన కీలు పచ్చిదానిలా వంగదు, పుటుక్కున విరుగుతుంది. అందుకే పలచగా కోయకూడదు. అతను రంపం ఆపి సందులోకి వచ్చాక, అందరూ ఉన్నారని ఆమె కళ్లతో చూసుకున్నాకే మేస్త్రి పిడి ఆడిస్తాడు.

మొదటి చెట్టు చెప్పినట్టు పడింది. రెండోదీ అంతే. వర్క్‌షాపు గోడ మీద కూర్చుని చూస్తున్న మెకానిక్కులు ఈల వేశారు. చిన్నోడి మొహంలో కాస్త వెలుగొచ్చింది.

మూడో చెట్టు అన్నిటికన్నా పొడుగు. తాడు ఎంత ఎత్తులో పడితే లాగడం అంత తేలిక అని ఆమెకి తెలుసు. రెండు చెట్లు సుఖంగా పడ్డ ధైర్యంతో, "ఆ పై పంగలో వెయ్యి చిన్నా" అంది. చిన్నోడు ఒకే విసురుతో వేశాడు. కోత అయింది, అందరూ సందులోకొచ్చారు. మేస్త్రి పిడి ఆడించాడు. తాడు బిగిసింది. ఇంకో నాలుగు కటకటల తర్వాత పైన ఫట్‌మని శబ్దం వచ్చింది. చెట్టు తల ఒక్కటీ విరిగి, తాడుతో సహా రోడ్డు మీద పడి ముక్కలైంది.

మాను మాత్రం నిలబడే ఉంది. మూడొంతులు కోసిన మాను.

 వదిన తల పైకెత్తి విరిగిన చోటు చూసింది. తప్పు తనదే. పైన వడ్రంగిపిట్ట తొలిచిన కన్నాలు కనిపిస్తూనే ఉన్నాయి. పుచ్చిన చోటికి పైన తాడు వేయించింది.

"నాదే పొరపాటు" అంది పైకి. "మరీ పైన వేయించాను."

చిన్నోడు అప్పటికే బండి దగ్గరికెళ్లి సుత్తీ మేకచెక్కా తీశాడు. "రెండు దెబ్బలు వదినా. కీలు ఎలాగూ సగం చచ్చే ఉంటుంది. రెండే దెబ్బలు."

"అక్కడ పెట్టు."

"మరి దాన్ని ఇలాగే వదిలేస్తావా? గాలేస్తే ఎటు పడుతుందో ఆ దేవుడిక్కూడా తెలీదు."

"అందుకే దాని కిందికి ఎవరూ వెళ్లరు."

అతను విననట్టే రెండడుగులు వేశాడు. ఆమె పరుగెత్తలేదు, చెయ్యి పట్టుకోలేదు. పక్కన నడవడం మొదలుపెట్టింది.

"ఎక్కడికి?" అన్నాడు చిన్నోడు ఆగి.

"నీతోనే. నువ్వు కొడుతుంటే నేను పక్కన నిలబడతాను. పైనుంచి ఏదన్నా పడితే ఇద్దరి మీదా పడుతుంది. పద."

"వదినా, నువ్వు వెనక్కెళ్లు."

"నువ్వు వెళ్తే నేనూ వెళ్తాను."

చిన్నోడు సుత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. సందు మొదట్లో అన్న నిలబడి ఉన్నాడు. అరవలేదు, రమ్మనలేదు. కుడి చెయ్యి వేలాడేసుకుని చూస్తున్నాడు, అంతే. చిన్నోడు తల దించుకున్నాడు. సుత్తి తెచ్చి బండిలో పడేశాడు.

ఈలోగా మధ్యాహ్నం బస్సులు వచ్చేశాయి. అడ్డం పెట్టిన గొలుసు దగ్గర ఒకదాని వెనక ఒకటి ఆగాయి. ప్రయాణికుల్ని దించేసి వచ్చిన ఖాళీ బస్సులే అయినా, డ్రైవర్లకి ఇళ్లకి పోవాలన్న తొందర. హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగాయి. వర్క్‌షాపు ఫోర్‌మన్ గొలుసు దాటి వచ్చి ఇంజనీరుగారి మీద విరుచుకుపడ్డాడు. ఆవిడ మొహం ఎర్రబడింది. వదిన దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగింది.

"ఎంతసేపమ్మా?"

"తెలీదండీ. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆ మాను నిలబడి ఉండగా ఈ రోడ్డు మీద ఏ బస్సూ కదలకూడదు. మీరు తెరిపిస్తే నేను రోడ్డుకి అడ్డంగా కూర్చుంటాను."

ఇంజనీరుగారు మానువైపు చూసింది. తెల్లటి కోత నోరు దూరానికి కూడా స్పష్టంగా కనిపిస్తోంది. ఆవిడ వెనక్కి తిరిగి ఫోర్‌మన్‌తో, "తెరవను. మీ బస్సుల్ని స్టేడియం దారిలో తిప్పుకోండి. మీ పైవాళ్లకి నా పేరే చెప్పండి" అంది. తర్వాత తనే వెళ్లి గొలుసు దగ్గర నిలబడింది, సాయంత్రందాకా అక్కడి నుంచి కదల్లేదు.

రెండో తాడు వెయ్యాలి. దగ్గరికి వెళ్లకుండా వెయ్యాలి. అదే చిక్కు. వదిన మానుని కింది నుంచి పైకి చూపుతో నిదానంగా తడిమింది. విరిగిన చోటి కింద మిగిలిన కన్నాలకి కూడా బాగా కింద, బెరడు ఇంకా అంటుకుని ఉన్న చోట పొట్టి పంగ ఒకటుంది. ఎండినా, పుచ్చినట్టు లేదు.

"ముందు సంచితో దాన్ని కొట్టి చూడు చిన్నా. శబ్దం వినాలి."

చిన్నోడు పంగలకర్ర ఎక్కుపెట్టాడు. ఇంత దూరం నుంచి ఎప్పుడూ వెయ్యలేదు. సంచి కన్నాల దగ్గర తగిలింది. డప్పులా బోలుగా మోగింది. రెండోసారి కింద తగిలింది. ఈసారి శబ్దం గట్టిగా, పొట్టిగా వచ్చింది. అన్నదమ్ములు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"అక్కడ గట్టిగా ఉంది" అన్నాడు మేస్త్రి. ఆ రోజు అతను మాట్లాడిన మొదటి మాట అది.

పంగలోకి వెయ్యడానికి మాత్రం చిన్నోడికి తల ప్రాణం తోకకొచ్చింది. ఒకసారి పొట్టిపడింది, ఒకసారి పక్కకి పోయింది, ఒకసారి గాలి దారాన్ని ఎగరేసుకుపోయి కంచెకి చుట్టింది. వెనక బస్సు డ్రైవర్లు వ్యాఖ్యానాలు మొదలుపెట్టారు. ఒకాయన, "మామిడికాయలు కొట్టేది నేర్పమంటారా" అన్నాడు. ఇంకోసారైతే చిన్నోడు అతని మీదికి లేచేవాడే. ఈసారి చెవిన పెట్టుకోలేదు. పెదవి బిగించి, దారం మళ్లీ చుట్ట చుట్టి, గాలి ఆగేదాకా కాచుకుని వదిలాడు. సంచి పంగలోంచి దూరి, అవతల చాలా దూరంలో పడింది.

డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. మామిడికాయలాయన అందరికన్నా గట్టిగా కొట్టాడు.

అవతల పడ్డ సంచిని తేవాలి. చెట్టు పక్క నుంచి కాదు. ట్యాంకుల ఆవరణలోంచి, మాను ఎటు పడినా తగలనంత దూరం చుట్టి రావాలి. వదినే వెళ్లింది. కాపలా అతను గేటు తీశాడు. గడ్డిలోంచి, పైపుల మీదుగా, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని చుట్టూ తిరిగి, దారం కొస పట్టుకుని సందు వైపు వచ్చింది. దారం రెండు కొసలూ ఇప్పుడు వాళ్ల చేతిలో ఉన్నాయి. తాడు కట్టి పైకి పంపారు, కొసన జారుముడి వేసి లాగారు. ముడి నిదానంగా గాల్లో పాక్కుంటూ పైకెళ్లి, పొట్టి పంగ దగ్గర బిగుసుకుంది.

తాడుని కప్పీలో వేసి యంత్రానికి ఎక్కించారు. వదిన అందర్నీ సందులోకి లాక్కొచ్చి, ఒక్కొక్కర్నీ కళ్లతో చూసుకుంది. "లాగండి" అంది.

కింద కట్టడంవల్ల ఈసారి బరువు తెలిసింది. మేస్త్రి ఎడం చేత్తో పిడిని కిందికి నొక్కి, ఊపిరి వదిలి, మళ్లీ నొక్కాడు. చెమట చుక్కలు గడ్డం మీద నుంచి రాలాయి. చిన్నోడు ముందుకొచ్చి, "నేను పడతా అన్నయ్యా" అన్నాడు. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. వదిన కళ్లు పిడి మీదే ఉన్నాయి. అది వంగలేదు.

కీలు దగ్గర చిటచిటమంది. మాను ముందుకి ఒరిగింది. సగం దూరం ఒరిగాక, కన్నాలున్న చోట గాల్లోనే రెండు ముక్కలైంది. కింది ముక్క ముందుకి పడింది. పై ముక్క వెనక్కి తిరిగి, మొద్దు వెనక నేల మీద నిటారుగా కుచ్చుకుని, ఆ తర్వాత పక్కకి ఒరిగింది. సుత్తి పట్టుకున్న మనిషి నిలబడే చోటు అదే.

దుమ్ము తగ్గాక చిన్నోడు ఒక్కడే వెళ్లి ఆ చోట చూశాడు. నేల మోకాలి లోతు గుంట పడింది. కాసేపు అక్కడే గొంతుక్కూర్చున్నాడు. లేచొచ్చి వదిన ముందు నిలబడ్డాడు. 

"తర్వాతి చెట్టుకి ముడి ఎక్కడేద్దాం వదినా?" అన్నాడు.

"ఇవాళ ఇంక చాలు. రేపు ముందు అన్నిటినీ సంచితో కొట్టి విందాం. విన్నాకే వేద్దాం."

రోడ్డు తెరిచేసరికి పొద్దు వాలుతోంది. ఇంజనీరుగారు వాళ్లందరికీ వర్క్‌షాపు క్యాంటీన్ నుంచి టీ తెప్పించింది. ఫోర్‌మన్ ఎదురు బెంచీ మీద కూర్చుని మొహం గంటు పెట్టుకునే తాగాడు.

మిగిలిన చెట్లు ఆ తర్వాత ఏ పేచీ లేకుండా పడ్డాయి. కొన్నిటికి ఒక రోజంతా పట్టింది. ఒకదానికి గట్టి పంగే దొరకలేదు. దాన్ని ఇంజనీరుగారు తెప్పించిన క్రేన్ బుట్టలోంచి ముక్కలు ముక్కలుగా దించారు. తాడు పనికిరాని చోట తాడు పనికిరాదని ఒప్పుకోవడానికి వదిన సిగ్గుపడలేదు. కార్ఖానాకి తిరిగి వెళ్లలేదు. మేస్త్రి ఆ తర్వాత రంపం ముట్టుకోలేదు గానీ, లాగుడు యంత్రాన్ని ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. పిడికి తనే నూనె రాసుకునేవాడు. ఇంట్లో గోడవైపు తిరిగి కూర్చోవడం ఎప్పుడు మానేశాడో ఎవరూ గమనించలేదు.

గాలుల కాలం దాటాక ఒక రోజు, ఊరి అవతల పనులు చేసే ఇంకో ముఠా మేస్త్రి వాళ్లింటికొచ్చాడు. పెద్ద మనిషి. చెప్పులు బయట విడిచి, వరండా అంచున కూర్చుని, కబుర్లన్నీ అయ్యాక అసలు విషయానికి వచ్చాడు.

"అమ్మా, మాకూ ఎండుచెట్ల పని తగిలింది. మీ లాగుడు సామాను నాలుగు రోజులు ఇస్తారేమోనని వచ్చాను."

"సామాను ఇవ్వనండీ" అంది వదిన.

ఆయన మొహం వాడిపోయింది. సరేలెమ్మని లేవబోయాడు.

"కూర్చోండి" అందామె. "సామాను ఒక్కటీ పట్టుకెళ్తే ప్రమాదం. తాడు ఎక్కడ కట్టకూడదో నాకే ఒకసారి తెలీలేదు. మీ మనుషుల్ని తీసుకుని ఆదివారం పొద్దున అడితికి రండి. మా ఆయన లాగుడు చూపిస్తారు, మా మరిది విసరడం చూపిస్తాడు. అంతా వచ్చిందనిపిస్తే మీకు కావాల్సినది దగ్గరుండి నేనే కొనిపిస్తాను."

"ఎంతమందిని తీసుకురమ్మంటారు?"

"చెట్టు దగ్గర నిలబడే వాళ్లందర్నీ" అంది ఆమె. ఆయనకి మంచినీళ్లు తేవడానికి లోపలికెళ్లింది.